యోబు స్నేహితుల భయం



గత నెల ఒక సహోదరి మాకు ఫోను చేశారు. ఆమె కుమార్తె బెంగళూరులో కౌన్సెలింగ్ చదువుతోంది. తరగతి మొదలయ్యే ముందు పది నిమిషాలు విద్యార్థులందరినీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, తమ ఊపిరిని, మనసులో వచ్చిపోయే ఆలోచనలను గమనించమంటున్నారట. దానికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు. "అయ్యగారూ, అది బౌద్ధుల ధ్యానమని మావాళ్లు అంటున్నారు. పిల్లను మానిపించమంటారా, చదువుకోనిమ్మంటారా?" అని ఆమె అడిగారు. ఇలాంటి ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పి ఫోను పెట్టేయడం మాకు అలవాటే. ఆ రోజు మాత్రం చెప్పలేదు. వారం రోజులు గడువు అడిగాము. ఎందుకు అడిగామో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాము.

ముందుగా ఆ అమ్మాయికి నేర్పుతున్నది ఏమిటో చూద్దాము. మైండ్‌ఫుల్‌నెస్ అనగానే మనసు బాగాలేనివారు చేసే వ్యాయామమని చాలామంది అనుకుంటారు. అదీ ఉంది. అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో దీర్ఘకాల నొప్పులతో బాధపడేవారి కోసం ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టారు. ఇప్పుడు మన ఫోన్లలో కనబడే యాప్‌లలో చాలావాటి మీద దాని ప్రభావం ఉంది. కానీ ఆ అమ్మాయికి నేర్పుతున్నది రోగి చేయవలసిన పని కాదు, రోగి ఎదుట కూర్చునే మనిషి చేయవలసిన పని. ఈ తేడా చాలా ముఖ్యం.

ఒక మనిషి థెరపిస్టు ఎదుట కూర్చుని, "నా భార్యను కొట్టాను" అంటాడు. వింటున్న ఆమెకు లోపల కోపం వస్తుంది. ఇంకొకడు, "బ్రతకాలని లేదు" అంటాడు. ఆమె కడుపులో ఏదో బిగుసుకుంటుంది. మూడో మనిషి చెప్పిన కథే నాలుగోసారి చెబుతాడు. ఆమె కళ్లు గోడ గడియారం మీదికి పోతాయి. నాలుగో మనిషి మాట తీరు ఆమె తండ్రిని గుర్తుచేస్తుంది, ఆ క్షణం నుంచి ఆమె అతని మాట వినడం లేదు, తండ్రి మాట వింటోంది. ఇవేవీ పాపాలు కావు. మనిషికి మనిషి ఎదురుపడితే జరిగేవే. అయితే వాటిని గమనించని థెరపిస్టు ఆ కోపంలోంచో, ఆ భయంలోంచో మాట్లాడుతుంది. గమనించిన థెరపిస్టు, "ఇది నా భయం, ఇతని మాట కాదు" అని తనలో తాను గుర్తించి, మళ్లీ ఎదుటి మనిషి దగ్గరికి తిరిగి వస్తుంది. ఒక గంటలో అలా ఇరవైసార్లు దారి తప్పి ఇరవైసార్లు తిరిగి రావచ్చు. థెరపిస్టు మైండ్‌ఫుల్‌నెస్ అంటే ప్రధానంగా ఇదే. మనసును ఖాళీ చేసుకోవడమని మన సంఘాల్లో ప్రచారంలో ఉన్న మాట దీనికి అతకదు. వైద్యుడు దేనికీ పట్టుబడకుండా అన్నింటినీ సమంగా వినాలని ఫ్రాయిడ్ 1912లోనే తన తోటి వైద్యులకు రాశాడు. పేరు కొత్తది గాని సంగతి పాతదే.

తెలుగు బైబిలు చదివేవారికి దీనికి మంచి మాట ఉంది: మెలకువ. గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను అడిగింది అదే. ఉపదేశం చేయమనలేదు, సలహా అడగలేదు. తన ప్రాణం దుఃఖంతో నిండి ఉన్నదని చెప్పి, తనతో కూడ మెలకువగా ఉండమన్నాడు. వాళ్లు నిద్రపోయారు. ఒక్క గడియయినా ఉండలేకపోయారా అని ఆయన పేతురును అడిగాడు. నేటి థెరపిస్టులు ఒక మనిషికి ఇచ్చే సమయం కూడా ఇంచుమించు ఒక గంటే కావడం యాదృచ్ఛికమే గాని, మాకు ఆ వచనం చదివినప్పుడల్లా అది గుర్తుకొస్తుంది.

ఇప్పుడు మా సంగతి.

కొన్నేళ్ల క్రితం, ఫిబ్రవరి నెల. శనివారం సాయంత్రం ఒక సహోదరుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన అనుమతితోనే, ఊరు పేరు, మరికొన్ని ఆనవాళ్లు విడిచిపెట్టి ఇది రాస్తున్నాము. ఆయన తోటలున్న రైతు కాదు. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో మామిడి ఎలా చేతులు మారుతుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు, దూరాన ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు. పూత దశలోనో, పిందె దశలోనో తోటను అంచనా కట్టి, కాపు మొత్తానికి ధర మాట్లాడుకుని చిన్న వ్యాపారులు కొంటారు. డబ్బు ముందు, కాయ తర్వాత. మధ్యలో పొగమంచు పడినా, తేనెమంచు పురుగు తగిలినా, తామర పురుగు వచ్చినా, ఏప్రిల్‌లో గాలిదుమారం లేచి కాయ రాలినా నష్టం కొన్నవాడిదే. ఆ డబ్బు సాధారణంగా వడ్డీకి తెచ్చినదే అయి ఉంటుంది. ఆయన అటువంటి కొనుగోలుదారుడు.

మా ముందు ఆదివారపు ప్రసంగం కాగితాలు పరచి ఉన్నాయి. పక్కనే ఫోను. ఆయన కూర్చుని, "ఈసారి పూత నిలవలేదు అయ్యగారూ" అన్నాడు.

మేము వెంటనే హబక్కూకు మూడో అధ్యాయం తీశాము. అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలంలో పంట లేకపోయినా ప్రవక్త దేవునియందు ఆనందించిన సంగతి. ఇంతకన్నా తగిన వాక్యభాగం ఎక్కడ దొరుకుతుంది? చదివాము, నాలుగు మాటలు వివరించాము, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాము. అంతా పది నిమిషాల్లోపే. ఆయన వందనాలు చెప్పి వెళ్లాడు. మంచి పరిచర్య చేశామన్న తృప్తితో మేము మళ్లీ ప్రసంగంలో పడ్డాము.

తర్వాతి వారం ఆయన ప్రాణం తీసుకోబోయాడు. ఇంట్లోవాళ్లు సమయానికి చూశారు. విజయవాడలో ఆసుపత్రికి చేర్చారు. దేవుని కృప, బ్రతికాడు. అక్కడ మానసిక వైద్యుడు మందులు రాశారు. ఒక యువ సైకాలజిస్టు వారానికొకసారి ఆయనతో కూర్చునేది. రెండు నెలల తర్వాత ఆయన మా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇది: "ఆ రోజు నేను పూత గురించి చెప్పడానికి రాలేదు అయ్యగారూ. మా ఆవిడ నగలు ఆమెకు తెలియకుండా తాకట్టు పెట్టాను. అది చెబుదామని వచ్చాను. మీరు హబక్కూకు తీసేసరికి ఇంక నోరు రాలేదు. వాక్యం చదివాక ఇలాంటి మాట ఎలా చెబుతాను?"

ఆసుపత్రిలో ఆ అమ్మాయి ఏం చెప్పిందని అడిగాము. "పెద్దగా ఏమీ చెప్పలేదు. నేను ఆగితే తనూ ఆగేది" అన్నాడు.

అప్పటినుంచి మేము చాలాసార్లు ఆ శనివారపు పది నిమిషాలను నెమరువేసుకున్నాము. ఆయన "పూత నిలవలేదు" అన్న క్షణంలో మా లోపల ఏం జరిగింది? భయపడ్డాము. సంఘంలో సగం కుటుంబాలు ఆ చెట్ల మీదే బ్రతుకుతున్నాయి. ఈయన అప్పు ఎంతో అడిగితే, మేము తీర్చగలమా? తీర్చలేని మనిషి అడిగి ఏం లాభం? ఈ ఆలోచనలన్నీ రెప్పపాటులో వచ్చిపోయి ఉంటాయి. మేము వాటిని చూడలేదు. వాటికి బదులుగా బైబిలు తెరిచాము. వాక్యంలో తప్పు లేదు. కానీ ఆ వేళ ఆ వాక్యం ఆయన కోసం కాక, మా భయం నుంచి మేము తప్పించుకోవడానికి చదువుకున్నాము. యాభై ఏళ్లు దాటిన కాపరి ఇది ఒప్పుకోవడం సులువు కాదు, అయినా పత్రికలో రాయక తప్పదనిపించింది. మావంటి కాపరులు ఇంకా ఉన్నారు.

యోబు గ్రంథాన్ని సెమినరీలో చదివాము, ఎన్నోసార్లు బోధించాము. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనగానే వాళ్లు చెడ్డ సలహాదారులని మనందరికీ తెలుసు. కాని రెండో అధ్యాయం చివర వాళ్లు ఎంత బాగా మొదలుపెట్టారో చూడండి. దూరం నుంచి వచ్చారు. ఆయనను గుర్తుపట్టలేక ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతో నేల మీద కూర్చున్నారు. బాధ అతి తీవ్రమని గ్రహించి ఒక్కరూ పలకలేదు. ఇప్పటి ఏ కౌన్సెలింగ్ పాఠ్యపుస్తకంలోనూ ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. యెహెజ్కేలు కూడా కెబారు నది దగ్గర చెరలో ఉన్నవారి మధ్య ఏడు దినాలు అలాగే కూర్చున్నాడు, ప్రవచనం ఆ తర్వాతే.

మరి ఆ స్నేహితులు ఎక్కడ చెడిపోయారు? యోబు నోరు తెరిచి తన పుట్టిన దినాన్ని శపించినప్పుడు. అంతవరకు వాళ్లు మౌనంగా ఉండగలిగారు, ఎందుకంటే యోబు కూడా మౌనంగానే ఉన్నాడు. నీతిమంతుడు ఇలా మాట్లాడతాడా అన్న ప్రశ్న లేవగానే వాళ్ల లోకమే కదిలిపోయింది. యోబుకు ఇలా జరిగితే మనకూ జరగవచ్చు గదా! అప్పుడు వాళ్లకు ఒక సిద్ధాంతం అవసరమైంది. ఇది మా ఊహ కాదు. ఆరో అధ్యాయం 21వ వచనంలో యోబే వాళ్ల మొహం మీద అంటాడు: నా ఆపద చూసి మీకు భయం పట్టుకుంది అని. ఇన్నేళ్లూ మేము ఆ వచనం మీదుగా నడిచిపోయాము. బాధలో ఉన్న మనిషి ఆదరించడానికి వచ్చినవాడి భయాన్ని ఇట్టే కనిపెడతాడు. వచ్చినవాడికి మాత్రం తెలియదు. ఆ తర్వాత అధ్యాయాల తరబడి వాళ్లు చెప్పినదంతా, విడివిడిగా తీసి చూస్తే, చాలావరకు మంచి వేదాంతమే. అయినా చివరి అధ్యాయంలో దేవుని కోపం వాళ్ల మీద రగిలింది, దేవునితో వాదించిన యోబు మీద కాదు.

మా తోటల భాషలో చెప్పాలంటే, కార్బైడ్ పెట్టిన కాయకూ వరిగడ్డిలో మాగిన కాయకూ ఉన్న తేడా ఇది. కార్బైడ్ వాడకాన్ని చట్టం నిషేధించింది, అయినా తొందర పడేవాళ్లు ఆగరు. తొక్క తెల్లారేసరికి పసుపెక్కుతుంది, టెంక దగ్గర పులుపు అలాగే ఉంటుంది. ఆ శనివారం ఆ సహోదరుడు కూడా మొహం మీద ఓదార్పు రంగుతోనే మా ఇంటి గడప దాటాడు.

థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య సంబంధం గురించి ఇప్పుడు కొంత చెప్పాలి. ఈ విషయంలో ఎక్కువగా వినబడే పేరు కార్ల్ రోజర్స్. భక్తిగల ప్రొటెస్టెంట్ కుటుంబంలో, పొలం మీద పెరిగాడు. మొదట వ్యవసాయ శాస్త్రం చదవబోయాడు, తర్వాత పరిచర్యకు వెళ్లాలనుకుని 1924లో న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో చేరాడు, రెండేళ్లకు దాన్ని విడిచి మనస్తత్వ శాస్త్రానికి వెళ్లిపోయాడు. ఆయన తర్వాతి నమ్మకాలతో మేము ఏకీభవించము. అయితే 1957లో ఆయన రాసిన ఒక చిన్న వ్యాసం లోకంలోని కౌన్సెలర్లందరినీ మార్చింది. మనిషి మారడానికి థెరపిస్టు తెలివితేటలకన్నా మూడు గుణాలు ముఖ్యమన్నాడు: లోపల ఒకటి బయట ఒకటి లేకుండా ఉండటం, షరతులు పెట్టకుండా ఎదుటి మనిషిని ఆదరించడం, అతని కళ్లతో అతని లోకాన్ని చూడటం. రెండోది విని మన పెద్దలు ఉలిక్కిపడతారు, పాపాన్ని కూడా ఆదరించమంటారా అని. మనిషిని చేర్చుకోవడం వేరు, అతను చేసిన పనిని మెచ్చుకోవడం వేరు. ప్రభువు జక్కయ్య ఇంటికి ముందు వెళ్లాడు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట తర్వాత వచ్చింది.

2018లో పరిశోధకులు 295 అధ్యయనాలను, వాటిలోని 30 వేలమందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. థెరపిస్టు ఏ పద్ధతివాడైనా సరే, వారిద్దరి మధ్య కుదిరిన సంబంధం బాగున్నచోట ఫలితం కూడా బాగుండటం కనిపించింది. సంబంధమొక్కటే సర్వమని కాదు గాని, దాన్ని పక్కన పెట్టి లెక్క కుదరదు. మైండ్‌ఫుల్‌నెస్ సంగతికి వస్తే, జర్మనీలో 2007లో వెలువడిన ఒక అధ్యయనం పేరుపడింది. శిక్షణలో ఉన్న 18 మంది థెరపిస్టులలో కొందరు ప్రతిరోజు పని మొదలుపెట్టే ముందు ధ్యానం చేశారు, కొందరు చేయలేదు. వాళ్ల దగ్గర చికిత్స పొందిన 124 మంది రోగులకు ఈ తేడా తెలియదు. ధ్యానం చేసినవారి రోగులు ఎక్కువగా కోలుకున్నారు. అయితే మెలకువలో తనకు తాను మంచి మార్కులు వేసుకున్న థెరపిస్టు రోగులు బాగుపడినట్టు కనబడని అధ్యయనాలు కూడా ఉన్నాయి. దీనికి మాకు ఆశ్చర్యం లేదు. ఆ శనివారం ఎవరైనా అడిగి ఉంటే మాకు మేము పదికి తొమ్మిది వేసుకునేవాళ్లము.

ఆ జర్మనీ అధ్యయనంలో వాడినది జెన్ ధ్యానం, అంటే బౌద్ధ పద్ధతే. దీన్ని దాచి చెప్పడం నిజాయితీ కాదు. మైండ్‌ఫుల్‌నెస్ అనే ఇంగ్లీషు మాట కూడా పాళీ భాషలోని సతి అనే మాటకు 1881లో రైస్ డేవిడ్స్ చేసిన అనువాదం ద్వారా వాడుకలోకి వచ్చింది. ఆ సంగతి మనకు మరీ పరాయిదేమీ కాదు. మన ఏలూరు జిల్లాలోనే, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ మీద బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలు రెండు వేల ఏళ్లకు పైగా నిలిచి ఉన్నాయి. కాబట్టి మా ఫోనుకు వచ్చిన ప్రశ్న న్యాయమైన ప్రశ్నే.

మా అభిప్రాయం ఇది. ఎదుటి మనిషిని వినడానికి ముందు తన లోపల ఏముందో చూసుకోవడం ఏ ఒక్క మతపు సొత్తు కాదు. పౌలు మిలేతులో ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించి మాట్లాడినప్పుడు మంద గురించి హెచ్చరించే ముందు వాళ్లను గురించే వాళ్లను జాగ్రత్తపడమన్నాడు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో ఆ వరుస గమనించండి. ఇంగ్లాండులో రిచర్డ్ బాక్స్టర్ 1656లో కాపరుల కోసం రాసిన పుస్తకమంతా ఆ ఒక్క వచనం మీదే నడుస్తుంది. బ్రదర్ లారెన్స్ పారిస్‌లో మఠం వంటగదిలో గిన్నెలు కడుగుతూ దేవుని సన్నిధిని మరువకుండా ఉండటం అభ్యసించాడు. బాన్‌హోఫర్ 1939లో క్రైస్తవుల కలిసి జీవించడం గురించి రాసినప్పుడు, సహోదరునికి మనం చేయవలసిన మొదటి సేవ అతని మాట వినడమేనన్నాడు. మనకు ఊటలు లేక పొరుగువారి బావికి వెళ్లామనడం సరికాదు, మన బావికి మనమే మూత వేసుకున్నాము.

ఆ అమ్మాయి చదువు కొనసాగించవచ్చని, ఆ పది నిమిషాలు తన ప్రభువు ఎదుట నిశ్శబ్దంగా కూర్చుని తన మనసు పరిశీలించుకోవచ్చని ఆ తల్లికి చెప్పాము. ఎక్కడైనా మంత్రం జపించమన్నా, మరి దేనికైనా నమస్కరించమన్నా మర్యాదగా వద్దని చెప్పే హక్కు ఆమెకుంది. ఇందులో మాతో ఏకీభవించని కాపరులున్నారు. వారి ఉత్తరాలు వస్తే ప్రచురిస్తాము. కళ్లు మూసుకుని కూర్చోవడం అందరికీ మేలు చేస్తుందని కూడా మేము అనము. ఘోరమైన అనుభవాలు దాటివచ్చినవారికి అలా కూర్చుంటే అవే ముంచుకురావచ్చు, అటువంటివారు శిక్షణ పొందినవారి దగ్గరే మొదలుపెట్టాలి.

కాపరి థెరపిస్టు అవుతాడా అని కొందరు అడుగుతారు. కాడు, కాకూడదు. థెరపిస్టుకు గదీ, గంటా, ఫీజూ ఉంటాయి. క్లయింటు ఇంట్లో పెళ్లికి ఆమె భోజనానికి వెళ్లదు, అప్పు ఇవ్వదు, పుచ్చుకోదు. ఆ గీతలు చల్లదనం కోసం గీసినవి కావు, ఆ గంటలో ఏ మాటైనా చెప్పుకోవడానికి వీలుండాలని గీసినవి. మనం అలా ఉండలేము. పెళ్లి చేసేది మనమే, సమాధి చేసేది మనమే, కమిటీ ఎన్నికలో ఎవరు ఎటు ఉన్నారో తెలిసిందీ మనకే. పైగా మన దేశంలో కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాడు ఎదుటివాణ్ణి గురువుగానే చూస్తాడు. మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకి 1973లోనే గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చునని రాశారు. పాశ్చాత్య పద్ధతిలో దూరంగా కూర్చుంటే మనవాళ్లకు చలివేస్తుందన్నది నిజమే. కానీ అయ్యగారు చెబితే కాదనలేని చోట, అయ్యగారి భయం కూడా ఆజ్ఞ అయిపోతుంది. ఆ ప్రమాదాన్ని మేము మా కళ్లతో చూశాము.

ఇక అన్నిటికన్నా మమ్మల్ని బాధించే సంగతి రహస్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు తప్ప. మన సంఘాల్లో ఆ హక్కు ఎలా ఉంది? "ఫలానా సహోదరి కుటుంబ సమాధానం కొరకు ప్రార్థించండి" అని బుధవారం ప్రార్థనలో ఒక మాట. గురువారం ఉదయానికి ఊరంతటికీ భార్యాభర్తల గొడవ తెలిసిపోతుంది. ఇప్పుడు వాట్సాప్ ప్రార్థన గుంపులు వచ్చాక గురువారం దాకా ఆగనక్కర్లేదు. మనం దాన్ని ప్రార్థన అంశమంటాము, సొలొమోను సామెతల్లో దానికి వేరే పేరుంది. నగల తాకట్టు సంగతి ఆ సహోదరుడు ఆ శనివారం మాకు చెప్పి ఉంటే మేము దాన్ని ఎవరికీ చెప్పకుండా ఉండేవాళ్లమా? ఇంట్లో అమ్మగారికి? సంఘ పెద్దలకు? ఖచ్చితంగా చెప్పలేము. బహుశా ఆయనకూ ఆ అనుమానం ఉండే ఉంటుంది.

మందుల విషయం ఒక్క మాటలో. "విశ్వాసముంటే మాత్రలెందుకు" అని పులిపిట మీదనుంచి చెప్పే హక్కు ఎవరికీ లేదు. తేనెమంచు పురుగుకు మందు కొట్టే రైతును విశ్వాసం తక్కువైందని మనమెవరమూ అనలేదు. మానసిక వైద్యుడు రాసిన మాత్రలు ఆపవలసింది ఆయనే. దయ్యం పట్టిందని పేరుపెట్టి మనిషిని గదిలో బంధించి అరిచే కూటాల గురించి ఇంకొకసారి వివరంగా రాస్తాము.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. ఆయా జబ్బులను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం వరకు చికిత్స అందనివారే. వందమంది కూర్చునే ఆరాధనలో ఇది దాదాపు పదిమంది, వారిలో ఏడు నుంచి తొమ్మిది మంది చికిత్స అందనివారు. వాళ్లు మొదట వచ్చేది మన దగ్గరికే. కనుక కాపరులు కనీసం ఎప్పుడు ఎవరి దగ్గరికి పంపాలో నేర్చుకోవాలి. వేలూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ వంటి చోట్ల శిక్షణ దొరుకుతుంది. అదే ఊళ్లో సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు ఇంటివాళ్లు కూడా ఉండే పద్ధతి ఉంది, వెళ్లి చూడదగినది. ప్రాణం మీద విరక్తి మాటలు వినబడితే, ఆ మనిషిని ఒంటరిగా విడవకండి, ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రి పగలు పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి గాని నేరస్థుడిగా చూడకూడదని కూడా 2017 చట్టం చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలకు ఈ సంగతి తెలియజేయండి.

మేము మార్చుకున్నవి చిన్నవి. ప్రసంగం శుక్రవారానికే ముగిస్తున్నాము. శనివారం సాయంత్రం ఎవరైనా వస్తే ఫోను పక్కగదిలో ఉంటుంది. బైబిలు మా దగ్గరే ఉంటుంది, మూసి. వచ్చినవారు కూర్చున్నాక ఒక్క నిమిషం మా లోపల ఏముందో చూసుకుంటాము, ఆకలా, విసుగా, ఆదివారపు కంగారా అని. బుధవారం ప్రార్థనలో పేర్లు చదవడం మానేశాము. దీనికి కొందరు అలిగారు.

ఆ సహోదరుడు ఇప్పుడు తోటలు కొనడం లేదు. సీజనులో వేరొకరి దగ్గర కాయ గ్రేడింగ్ చూసుకుంటాడు. నగలు ఇంకా పూర్తిగా విడిపించలేదు, కాని భార్యకు తెలుసు. మొన్న శనివారం వచ్చాడు. ఈ ఏడు పూత బాగా వచ్చిందని మొదలుపెట్టి, కొడుకు సంగతి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మేము ఏమీ అనలేదు. బయట ఎవరిదో ట్రాక్టరు పోయింది. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టి దాదాపు అరగంట మాట్లాడాడు. అయిపోయాక ఇద్దరమూ కొంచెంసేపు అలాగే కూర్చున్నాము. తర్వాత ఆయనే, "ఇప్పుడు ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నాడు.